అవ్వను అడిగిన్నని చెప్పు

బాపు పోయిన రెండో వారం ఆయన సామాన్లు తెచ్చుకుందామని ఆయన పనిచేసిన ఫామ్‌హౌస్‌కు వెళ్ళాను. చిన్న మంగళారంలో మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరమే. గేటు తీసిన కొత్త వాచ్‌మన్‌కు నేనెవరో తెలియదు. ప్రభుదాసు బిడ్డను అంటే "ముసలాయన బిడ్డనా, రా అక్కా" అని పంపుసెట్టు గదికి తీసుకుపోయాడు. మేకుకు ఒక చొక్కా, మూలకు రబ్బరు చెప్పులు, కిటికీలో బైబిలు, దాని మీద కొమ్మలు కత్తిరించే కత్తెర. ఏళ్ళకేళ్ళు మాలిగా చేసిన మనిషి వదిలిపోయినదంతా ఒక్క చేతిసంచిలో పట్టింది. తిరిగి వస్తుంటే ఈతకొలను వెనక బాస్కెట్‌బాల్ కోర్టు కనిపించింది. నున్నటి సిమెంటు నేల, తెల్లటి గీతలు, ఎవరి చేయీ తగలనట్టున్న వల. ఆడే పిల్లలు పట్నంలో ఉంటారట, ఎప్పుడో ఒక ఆదివారం వస్తారట. "రోజూ ఊడ్చేటోడక్కా" అన్నాడు వాచ్‌మన్. "ఒక్క ఆకు ఉండనిచ్చేటోడు కాదు. ఎవ్వలు ఆడుతరని ఊడుస్తవ్ తాతా అంటే, నా బిడ్డ ఆడేది అనేటోడు." నేను సంచి కింద పెట్టి కోర్టు అంచు గట్టు మీద కాసేపు కూర్చున్నాను. ఆ మాట విన్నాక ఎటు నడవాలో తెలియలేదు.

నేను బాస్కెట్‌బాల్ ఆడి జీతం తీసుకున్న మనిషిని. ఈ మాట చెబితే ఇప్పటికీ చాలామంది నా ఎత్తు వైపు చూసి, తర్వాత నా నడక వైపు చూసి ఊరుకుంటారు. ఎడమ మోకాలు పూర్తిగా వంగదు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటాను. ఆ ఆట నాకు ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో చాలామందికి చెప్పాను. మధ్యలో జరిగిన ఒక సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన మనిషి ఇప్పుడు లేడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంట్లో పొద్దు అవ్వతో మొదలయ్యేది. అవ్వ అంటే బాపు తల్లి. బాప్తీస్మం పేరు రూతమ్మ, ఊరంతా పిలిచే పేరు నర్సమ్మ. రెండింటికీ పలికేది. కోడి కూసే వేళకు అమ్మ గులాబీ తోటకు పూలు కోసే కూలికి పోయేది. మంచు ఆరకముందే పూలు కోసి పట్నం మార్కెట్టుకు పంపాలి. బాపు మా ఎకరన్నర చెలకలో నీళ్ళు కట్టడానికి పోయేవాడు. ఇంట్లో అవ్వ, నేను మిగిలేవాళ్ళం. అవ్వ రొట్టెలు కొట్టే చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. జొన్నపిండి మీద అరచేయి పడే ఆ చప్పుడు ఎప్పుడూ ఒకే వరుసలో ఉండేది, రొట్టె తిప్పేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగేది. పొయ్యిలో పత్తికట్టె పొగ, పెనం మీద మాడిన పిండి వాసన, అవ్వ నోట్లో పొగాకు ఘాటు. ఈ మూడూ కలిస్తే నాకు తెల్లవారినట్టు. రొట్టె తిన్నాక నేను ఒక కీర్తన చదవాలి. అవ్వకు అక్షరం రాదు. కళ్ళు మూసుకుని వినేది. కీర్తన పొడుగైతే మధ్యలోనే గట్టిగా "ఆమెన్" అని లేచిపోయేది. "ఇంక సగమున్నదవ్వా" అంటే, "దేవునికి మొత్తం ఎరుకే, నువ్వు బడికి పో" అనేది.

క్యారెట్లు తవ్వే రోజుల్లో ఇల్లంతా తడిమట్టి వాసన. తవ్విన క్యారెట్లను గచ్చు తొట్టిలో పోసి, నీళ్ళు వదిలి, అందరం కాళ్ళతో తొక్కి కడిగేవాళ్ళం. నాకు కాళ్ళు పొడుగు. నడుము పట్టుకోకుండా ఎంతసేపైనా తొక్కేదాన్ని. అది చూసే కాబోలు, మొయినాబాద్ హైస్కూల్లో ఆటలు నేర్పే రాజలింగం సార్ ఒకరోజు మా చెలకకు సైకిల్ మీద వచ్చి, "ప్రభుదాసూ, నీ బిడ్డను నాకు సాయంత్రం ఒక గంట ఇయ్యి" అన్నాడు. ఆయన బడి వెనక బయల్లో ఒక ఇనప స్తంభం పాతి, పాత తలుపు చెక్కను బోర్డుగా బిగించి, వెల్డింగు దుకాణంలో సలాకు వంచి రింగు చేయించాడు. వల లేదు. బంతి మీది గరుకు గింజలన్నీ అరిగి నున్నగా అయిపోయింది. మట్టి నేల మీద అది ఎటు లేస్తుందో ఎవరికీ తెలియదు. ఆ బంతిని అదుపులో పెట్టడం నేర్చుకున్నదానికి తర్వాత చెక్క నేలల మీద బంతి పెంపుడు పిల్లిలా వచ్చేది.

నిక్కరు దగ్గర గొడవ వచ్చింది. జిల్లా పోటీలకు పోవాలంటే టీం బట్టలు వేసుకోవాలి. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన బాపును పక్కకు పిలిచి, పెండ్లీడుకొచ్చే పిల్ల తొడలు కనబడేటట్టు మందిల ఉరుకుడేందని అడిగాడు. బాపు తల వంచుకుని నిలబడ్డాడు. బాపు ఎవరికీ ఎదురు చెప్పడు. అవ్వ మెట్ల మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నది. అక్కడి నుంచే అన్నది:

"పెద్దయ్యా, నాట్లేసేటప్పుడు నీ ఇంటామె చీర యాడికి చెక్కుతది? మడిల లేని సిగ్గు ఆటల యాడికెల్లి వచ్చె?"

చుట్టూ ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఇంటికొచ్చాక అవ్వ ఆ నిక్కరు మడత విప్పి చూసి, అంచులకు బాపు పాత ధోతి గుడ్డ కలిపి మోకాళ్ళ దాకా పొడిగించి కుట్టింది. నేను ఏడ్చాను. "వాళ్ళకు ఒక మాట చెప్పిన, నీకొక మాట చెప్తున్న. రెండూ నా మాటలే" అని దారం పళ్ళతో తెంపింది. ఆ నిక్కరుతోనే జిల్లా ఆడాను. రాష్ట్రానికి వెళ్ళేటప్పుడు అంచులు తానే విప్పి ఇచ్చింది.

మా కోళ్ళ గుడ్లు అవ్వ ఎవరికీ అమ్మలేదు. తవుడు పోసిన గంపలో దాచి, రోజుకు రెండు నాకు ఉడకబెట్టేది. ఆట నుంచి వచ్చాక గోరువెచ్చటి ఆముదంతో పిక్కలు పట్టేది. ఆమె బొటనవేలికి నాగలి కర్రంత బలం. నొప్పికి అరిస్తే, "ఇంకా గట్టిగ అరువు, అరిస్తే నొప్పి బయటికి పోతది" అనేది. ఆ ఆముదం వాసన నా పుస్తకాలకు, దుప్పటికి, జడకు అంటుకుని ఉండేది. తర్వాత పట్నంలో కాన్వెంటు పిల్లలతో కలిసి ప్రాక్టీసుకు పోయినప్పుడు వాళ్ళు ముక్కు చిట్లిస్తే మొదటిసారి ఆ వాసన మీద కోపం వచ్చింది. ఇంటికొచ్చి, ఇంక ఆముదం పెట్టకు, వాసనొస్తది అన్నాను. అవ్వ గిన్నె పక్కకు జరిపింది. ఒట్టి చేతులతోనే పట్టింది.

కాలేజీకి వచ్చేసరికి నా రోజు మెహదీపట్నం బస్సులో మొదలయ్యేది. తెల్లవారుజామున అవ్వ నాతో రోడ్డు దాకా నడిచేది, బస్సు కదిలిందాకా నిలబడేది. అవి పట్నమంతా కంప్యూటరు మాటే మాట్లాడుతున్న రోజులు. బస్సెక్కిన ప్రతివాళ్ళ చేతిలో ఒక కోర్సు ఫైలు. ఇంటరు తప్పిన వాళ్ళు కూడా అమెరికా కంపెనీల పేర్లు కూరగాయల పేర్లంత తేలిగ్గా పలికేవాళ్ళు. నా జట్టులో మంచి ఆటగత్తెలు ఇద్దరు బూట్లు అటక మీద పడేసి అమీర్‌పేట కోర్సుల్లో చేరిపోయారు. వాళ్ళలో ఒకామె నన్నూ రమ్మన్నది. "బాల్ ఎన్ని రోజులాడుతవ్ సువార్తా?" అన్నది. నాకు ఇంగ్లీషు రాదు, లెక్కలు రావు, ఇంట్లో కూర్చోబెట్టి ఫీజులు కట్టే స్తోమత లేదు. నాకు వచ్చిన ఒక్క విద్య బంతి. ఆటగాళ్ళకు ఉద్యోగమిచ్చి, జట్టు పెట్టుకునే ప్రభుత్వ సంస్థలు కొన్ని ఉండేవి. వాటిలో నన్ను తీసుకున్న సంస్థ పేరు రాయను, నా జీవితమంతా దాని జీతం మీద నడిచింది. రాజలింగం సార్ ఎప్పుడు కలిసినా ఒకటే చెప్పేవాడు. "జాతీయ పోటీల్ల ఫైనల్ దాంక పోవాలె. గా ఫైనల్‌కు వాళ్ళొచ్చి కూసుంటరు. గప్పుడు నువ్వు కనవడాలె, అంతే."

ఆ ఏడు మా రాష్ట్ర జట్టులో నాకు చోటు దొరికింది. పోటీలు నాగ్‌పూర్‌లో. అంతకుముందు నెల రోజులు పట్నంలోనే క్యాంపు. నేను క్యాంపుకు బయల్దేరే నాటికి అవ్వకు ఊపిరాడని దమ్ము ఎక్కువైంది. చలికాలం ప్రతి ఏడూ వచ్చేదే. నులకమంచం గోడకు వేసుకుని, రెండు దుప్పట్ల కింద ఒక్క వైపే పడుకునేది. రొట్టెలు అమ్మ చేసింది. ఆ చప్పుడు వేరుగా ఉంది, వరుస లేదు. నేను సంచి భుజాన వేసుకుని మంచం దగ్గర నిలబడితే అవ్వ కళ్ళు తెరిచి, "పో, బస్సు పోతది" అన్నది. నేను పోయాను. బస్సు నిజంగానే వచ్చేసింది, పరిగెత్తి ఎక్కాను.

మా ఊళ్ళో అప్పుడు ఫోను మల్లయ్య సేటు కిరాణా దుకాణంలో ఉండేది. నేను ఎక్కడున్నా ఎస్టీడీ బూత్ నుంచి దానికి చేస్తే, వాళ్ళు కబురు పంపితే బాపు వచ్చి మాట్లాడేవాడు. నాగ్‌పూర్‌లో సెమీఫైనల్ గెలిచిన మధ్యాహ్నం, చెమట బట్టల మీదే, స్టేడియం ఎదుటి బూత్‌కు పరిగెత్తాను. ఫైనల్ మర్నాడు సాయంత్రం. ఈ మాట చెప్పాలి. ఫోను ఎత్తింది సేటు కాదు, ఆయన తల్లి సాయమ్మ. ఆమెకు చెవులు సరిగా వినపడవు. అందుకే ఊరంతటికీ వినపడేటట్టు మాట్లాడేది, అవతలి మాట విన్నదో లేదో తెలిసేది కాదు.

"ఎవలు? సువార్తనా? ఇంకా బైలెల్లలేదా బిడ్డా? అవ్వ పోయె గదనే! పొద్దుగాల పోయింది. రేపు పగటీలి మట్టి పెడ్తరట. జల్ది రా తల్లీ, మొకం చూసుకుందువు. ఆగు, మీ బాపు ఆవలి గల్లీల ఉన్నడు, పిలిపిస్త."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత ఎడ్లబండి పోతున్న చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు. నేను బూత్ అద్దం మీద గీసిన అంకెల వైపు చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. సాయంత్రం ఒక రైలున్నదని మాత్రం గుర్తొచ్చింది. దాన్ని పట్టుకుంటే మర్నాడు పొద్దునకు సికింద్రాబాద్, పగటికి ఇల్లు. అడిగితే మా మేనేజర్ మేడం కాదనదు. తానే రైలెక్కిస్తుంది. ఇదంతా బాపు ఫోను అందుకునే లోపలే నా తలలో తిరిగింది.

"సువార్తా..." బాపు గొంతు బొంగురుగా ఉంది.

"బాపు. గెలిచినం."

"గెలిచిండ్రా? మంచిగయ్యింది బిడ్డా."

"నీ గొంతేంది గట్లున్నది?"

"సర్ది వట్టింది. రేపు ఫైనలా?"

"ఆఁ. రేపు పొద్దుమీకి."

ఫోన్లో ఆయన ఊపిరి వినిపిస్తున్నది. బూత్ మీటరు తిరుగుతున్నది.

"అవ్వెట్లున్నది బాపు?" అన్నాను.

అడగకుండా ఉండలేక అడిగానా, ఆయన ఏం చెబుతాడో చూద్దామని అడిగానా, ఇప్పటికీ చెప్పలేను.

"మంచిగనే ఉన్నది బిడ్డా. పండుకున్నది. నిన్ను మంచిగ ఆడమన్నది. ఏం ఫికర్ చెయ్యకు. ఆడి రా."

అప్పుడు నేను ఒక్క మాట అంటే సరిపోయేది. సాయమ్మ చెప్పింది బాపు, నేనొస్తున్న. అంతే. నేను అన్నది ఇది:

"సరే. అవ్వను అడిగిన్నని చెప్పు."

"చెప్త బిడ్డా" అన్నాడు బాపు. ఫోను పెట్టేశాడు.

బయటికి వచ్చి, మా వసతి గదికి నడిచి, పంపు కింద సాక్సులు ఉతుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు. రైలు వేళ దాటిందాకా ఉతికిన వాటినే మళ్ళీ ఉతుకుతూ ఉన్నాను. ఉద్యోగం కోసం ఆగాననీ, ఆ ఉద్యోగం వస్తే ఇంటికి స్లాబు పడుతుందనీ, అవ్వ అయినా అదే అనేదనీ నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం నిజం. మిగతా సగం ఏమిటంటే నాకు ఆడాలని ఉంది. ఆ ఫైనల్ ఆడాలన్న కోరిక నా ఒంట్లో ఆకలిలాగా ఉంది, చావు కబురు దాన్ని ఏమీ చేయలేకపోయింది.

మర్నాడు మేం ఓడిపోయాం, చివరి నిమిషాల్లో. కానీ నేను ఆడిన ఆట మళ్ళీ ఎన్నడూ ఆడలేదు. ఒళ్ళు బరువే లేదు. ఎవరు ఎటు కదులుతారో ముందే తెలిసిపోయేది. చేయి వదిలిన బంతి వెనక్కి చూడకుండా పోయి రింగులో పడేది. అటుపక్క కేరళ అమ్మాయిలు నాకంటే పొడుగు, బలం. వాళ్ళ మధ్య నుంచి నేను తలుపు సందులోంచి గాలి దూరినట్టు దూరాను. ఆట అయ్యాక కుర్చీల్లో కూర్చున్న వాళ్ళలో ఒకాయన వచ్చి నా పేరు, ఊరు రాసుకున్నాడు. ఆ వేళకు మా ఊరి సమాధుల తోటలో మట్టి కప్పి అందరూ ఇళ్ళకు చేరి ఉంటారు. ఆయన ఊరి పేరు రెండుసార్లు అడిగాడు. నేను రెండుసార్లూ స్పష్టంగా చెప్పాను.

రైల్లో తిరిగి వస్తూ, ఇంటి దగ్గర ఎట్లా ఏడవాలో ఆలోచించాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. మొయినాబాద్‌లో బస్సు దిగేసరికి బాపు నిలబడి ఉన్నాడు. ఎన్నడూ బస్టాపుకు రాని మనిషి. నా సంచి తీసుకున్నాడు. ఊరి దాకా ముందు నడిచాడు. మా చెలక గట్టు దగ్గర ఆగి, సంచి కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"సువార్తా, నేనొక తప్పు చేసిన. అవ్వ పోయింది. నీకు చెప్పలే. నీ ఆట ఆగమైతదని చెప్పలే. నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా."

తండ్రి చేతులు జోడించడం చూసి నేల మీద కూలబడి ఏడ్చాను. నటించాల్సిన అవసరం రాలేదు. కానీ అది అవ్వ కోసం వచ్చిన ఏడుపు కాదు. భయం. ఆ క్షణం చెప్పకపోతే ఇంక ఎన్నడూ చెప్పలేనని తెలిసింది, అయినా చెప్పలేదు. ఇంటి దగ్గర ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చారు. పాపం, పిల్లకు కడసారి చూపు లేకుండా చేసిండని బాపును నా ఎదుటే తిట్టారు. బాపు కొట్టం గుంజకు ఆనుకుని విన్నాడు. ఆ తర్వాత నెలల తరబడి నేను సేటు దుకాణం వైపు పోలేదు. సాయమ్మ నోట ఎప్పుడు ఏ మాట వస్తుందోనని. మరుసటి ఏడు సాయమ్మ చనిపోయిందని తెలిసినప్పుడు, దేవుడు నన్ను క్షమించుగాక, నా గుండె తేలికపడింది.

ఉద్యోగం వచ్చింది. సికింద్రాబాద్‌లో పొద్దున గ్రౌండు, పగలు ఆఫీసు, మళ్ళీ గ్రౌండు. ఏడాదిలో సగం రోజులు ఊళ్ళ మీద. ఎన్నో ఊళ్ళు చూశానంటారు అందరూ. నేను చూసింది స్టేషన్లు, స్టేడియంలు, సత్తు గిన్నెల్లో పలచటి పప్పు. పేపర్లో పేరు ఒకటి రెండుసార్లు పడింది, ఒకసారి తప్పుగా. మా ఇంటికి స్లాబు పడింది. సంబంధాలు వచ్చాయి, క్యాంపుల్లో ఉండే పిల్ల మాకెందుకని పోయాయి. ఆటలో నేను బాగానే ఉండేదాన్ని, నమ్మకంగా, ఒకే తీరుగా. కానీ నాగ్‌పూర్ నాటి తేలిక మళ్ళీ రాలేదు. ఒక క్యాంపులో, పోటీ కూడా కాదు, మామూలు ప్రాక్టీసులో, పైకి లేచి కిందికి దిగేటప్పుడు ఎడమ మోకాలు లోపల పచ్చికట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆపరేషన్ చేశారు. ఆరు నెలలన్నారు, ఏడాది అన్నారు, తర్వాత ఏమీ అనడం మానేశారు. నా చోట్లోకి ఇంకో అమ్మాయి వచ్చింది. నాకు ఒక బల్ల, కుర్చీ, ఫైళ్ళు ఇచ్చారు. కొత్తగా చేరిన వాళ్ళు కొన్నాళ్ళకు, మేడం మీరు స్పోర్ట్స్ కోటానా అని అడిగేవాళ్ళు. అవును అనేదాన్ని. ఏ ఆట అని కొందరు అడిగేవాళ్ళు, కొందరు అడిగేవాళ్ళు కాదు.

ఈలోపల మా ఊరు కూడా మారింది. పట్నంలో సాఫ్ట్‌వేర్ కొలువులు చేసేవాళ్ళు శనివారాలు కార్లలో వచ్చి గట్ల మీద నిలబడి గాలి పీల్చేవాళ్ళు. తర్వాత కొలతలు పట్టేవాళ్ళు. పక్క చెలకలన్నీ గోడల లోపలికి పోయాయి. వాళ్ళ బోర్లు లోతుకు దిగితే మా బావి అడుగు కనిపించింది. బాపు కొన్నాళ్ళు తల్లకిందులుగా తండ్లాడి, చివరికి అమ్మేశాడు. కొన్నవాళ్ళు మంచివాళ్ళే, ఆయన్నే మాలిగా పెట్టుకున్నారు. తన నేల మీద తానే కూలికి పోతున్నాడని ఊళ్ళో అంటే, నేలకేం తెల్వది ఎవనిదని అనేవాడు. ఆయన రోజూ ఊడ్చిన కోర్టు మా క్యారెట్ మడి ఉన్న చోటే. ఇప్పుడు శంకర్‌పల్లి దాకా ఎటు చూసినా వెంచర్ల బోర్డులే, ప్రతి బోర్డు మీదా బాస్కెట్‌బాల్ కోర్టు బొమ్మ ఉంటుంది. రాజలింగం సార్ పాతిన స్తంభం రోడ్డు వెడల్పు పనిలో పోయింది. ఇన్ని కోర్టుల్లో ఎక్కడా నాకు ఒక్క ఆడపిల్ల బంతి కొడుతున్న చప్పుడు వినపడలేదు.

అవ్వ పోయిన రోజు వచ్చిన ప్రతి ఏడూ బాపు సమాధికి సున్నం వేసేవాడు. ఆ రోజు అన్నం ముట్టేవాడు కాదు. నేను వస్తే పక్కన కూర్చుని, నేల వైపు చూస్తూ, "మాఫ్ చేసినవా బిడ్డా?" అనేవాడు. "ఎన్నిసార్లు అడుగుతవ్ బాపు" అనేదాన్ని. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. మొదట భయంతో చెప్పలేదు. తర్వాత ఇంత ఆలస్యంగా చెబితే ఏమనుకుంటాడోనని చెప్పలేదు. ఇంకొన్నాళ్ళకు అది నాకు అలవాటైంది. అన్యాయం జరిగిన మనిషిగా ఆ ఇంట్లో నాకొక చోటు దొరికింది. ఒకసారి దాన్ని వాడుకున్నాను కూడా. మోకాలు పోయాక వచ్చిన ఒక సంబంధాన్ని నేను కాదంటే, బాపు మొదటిసారి గొంతు పెంచి, నా మాట వినవా అన్నాడు. "నీ మాట విని అవ్వ మొకం చూడకపోతిని, చాలదా?" అన్నాను. ఆయన లేచి బయటికి పోయాడు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదు.

చివరి రోజుల్లో ఆయన్ను చేవెళ్ళ దవాఖానలో పెట్టాం. ఎండ కిటికీలోంచి మంచం దాకా వచ్చిన ఒక మధ్యాహ్నం, అమ్మ టీ తేవడానికి పోయింది. వార్డులో చప్పుడు లేదు. చెప్పేయాలనుకున్నాను.

"బాపు, నీకొక ముచ్చట చెప్పాలె."

"ముందు నువ్వు నన్ను మాఫ్ చేసిన్నని అను" అన్నాడు. గొంతు నూలుపోగంత సన్నగా ఉంది. "ఎన్నడూ అనలే నువ్వు."

"చేసిన బాపు."

"నిజంగా?"

"నిజంగా."

ఆయన ముఖం మీద ఏళ్ళ తరబడి ఉన్న ముడి ఒకటి నా కళ్ళ ముందే విడిపోయింది. కళ్ళు మూసుకున్నాడు. "ఇగ చెప్పు, ఏం ముచ్చట?" అన్నాడు. ఆ ముఖం చూసి నేను, ఏం లేదు, కాళ్ళు నొస్తున్నయా అని అడిగాను. కాళ్ళు పట్టాను. రెండు రోజులకు పోయాడు. నన్ను క్షమించవలసిన మనిషి, నా చేత క్షమింపబడి పోయాడు.

ఫామ్‌హౌస్ నుంచి సంచి తెచ్చి ఇంట్లో పెట్టేసరికి అమ్మ వాకిట్లో చాట ముందు పెట్టుకుని చింతపండు గింజలు తీస్తున్నది. నేను గడప మీద కూర్చున్నాను. వాచ్‌మన్ చెప్పిన మాట చెప్పాను. అమ్మ తల ఊపింది. అప్పుడే చెప్పాను మిగతాదంతా. నాగ్‌పూర్, బూత్, సాయమ్మ. చెబుతున్నంతసేపూ అమ్మ చేయి కదులుతూనే ఉన్నది. అయిపోయాక ఆగింది.

"ఎరుకై గూడ రాలే నువ్వు."

"రాలే."

"ఆయన పోయిందాంక ఆగితివి."

నేను మోకాలు రుద్దుకున్నాను.

"ఏటేటా గా దినమొస్తే మెతుకు ముట్టకపోయె. ఒక్క మాట చెప్తే తినేటోడు గదనే." అమ్మ గొంతులో ఏడుపు లేదు. కోపం కూడా పూర్తిగా కాదు. "తెలిసి ఎట్ల ఆడినవే?"

"మంచిగ ఆడిన అమ్మా. గంత మంచిగ ఎన్నడూ ఆడలే."

అమ్మ నా వైపు చాలాసేపు చూసింది. నేను కన్న పిల్లేనా అన్నట్టు కాదు. ఇన్నాళ్ళూ పక్కింట్లో ఉన్న మనిషిని మొదటిసారి చూసినట్టు. ఇంక దాచడానికి ఏమీ లేదు కాబట్టి, ఇన్నేళ్ళుగా అడగలేకపోయినది అడిగాను. ఏ ప్రశ్న ఎక్కడికి దారి తీస్తుందోనన్న భయంతో అవ్వ చావు గురించి నేను ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగలేదు.

"అవ్వ పోయేటప్పుడు ఏమన్నది?"

"ఏమనలే. నీళ్ళడిగింది. రెండు గుక్కలు తాగింది. గోడ దిక్కు మల్లి పండుకున్నది. నేను పొయ్యి రాజేసి వచ్చి చూస్తే లేదు."

"నన్ను అడిగిందా?"

అవునని చెబితే అమ్మకు పోయేదేమీ లేదు.

"లేదు" అన్నది.

మళ్ళీ చింతపండు చేతిలోకి తీసుకుంది. చాట నా వైపు జరపలేదు. కాసేపటికి నేనే లేచి, గోడ పట్టుకుని, ఆమె ఎదుట మెల్లగా కూర్చున్నాను. మోకాలు వంగనందున ఎడమ కాలు చాపుకుని, ఒక ముద్ద తీసుకుని గింజలు తీయడం మొదలుపెట్టాను.